పాత కంప్యూటర్‌కు డయల్-అప్ ఇంటర్నెట్: తిరుపతి ఇంట్లో ఇప్పుడు అమర్చుకునే విధానం

విండోస్ 98తోనో విండోస్ ఎక్స్‌పీతోనో నడిచే పాత కంప్యూటర్‌ను అటక మీద నుంచి దించి, దానికి మళ్లీ మోడెమ్ (కంప్యూటర్ సమాచారాన్ని ఫోను లైను మీద వెళ్లే శబ్దంగానూ, ఆ శబ్దాన్ని తిరిగి సమాచారంగానూ మార్చే పరికరం) ద్వారా ఇంటర్నెట్ ఇవ్వాలనుకునేవారు తిరుపతిలోనూ చిత్తూరులోనూ అక్కడక్కడా కనిపిస్తున్నారు. వారిలో ఎక్కువమంది కంప్యూటర్‌తో మొదలుపెట్టి అక్కడే చిక్కుకుపోతారు. నిజానికి డయల్-అప్‌లో, అంటే ఫోను నంబరు డయల్ చేసి ఇంటర్నెట్‌కు కలిసే పద్ధతిలో, కంప్యూటర్ వైపు పని తేలికైనది; కష్టమంతా ఫోన్ లైనులో ఉంటుంది. అందువల్ల ముందు లైను, తర్వాత మోడెమ్, ఆ తర్వాత పోర్టు (మోడెమ్‌ను కంప్యూటర్‌కు తగిలించే చోటు), నంబరు కలవడం, పీపీపీ (కలిసిన కాల్ మీద ఇంటర్నెట్ సమాచారాన్ని నడిపే పద్ధతి), చిట్టచివర వెబ్ పేజీ అనే వరుసలోనే ఈ వ్యాసం నడుస్తుంది. ఒక దశ సరిగా పనిచేస్తోందని తేల్చుకోకుండా తర్వాతి దశకు వెళ్తే, చివర్లో వచ్చే ఒక్క ఎర్రర్ సందేశం చూసి తప్పు ఎక్కడుందో చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు.

లైను సంగతి

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. మొదట్లో ఆ సౌకర్యం చెన్నై వంటి మహానగరాలకే పరిమితం కావడంతో, తిరుపతిలో ఉన్నవారు 044 కోడ్‌తో ఎస్టీడీ కాల్ చేసి, ఇంటర్నెట్ రుసుముతోపాటు ట్రంకు కాలు ఖర్చు కూడా భరించవలసి వచ్చేది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చింది. 2000 అక్టోబరు 1న ఏర్పడిన బీఎస్ఎన్ఎల్ తన సంచార్‌నెట్ సేవకు 172233 అనే నంబరు ఇచ్చింది. లోకల్ కాల్ రేటుతో ఇంటర్నెట్ దొరకడం చిన్న ఊళ్లకు పెద్ద మార్పు.

ఆ ఏర్పాటు మొత్తం రాగి తీగ మీద ఆధారపడి ఉండేది. స్తంభం మీది డబ్బా నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు, గోడ మీది రోజెట్, అక్కడి నుంచి ఫోను, మధ్యలో మరేమీ లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో అదే ల్యాండ్‌లైన్ నంబరు ఫైబర్ మీద వస్తోంది. ఇంట్లో ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె ఉండి, ఫోను తీగ ఆ పెట్టె వెనుక సాకెట్‌లోకి వెళ్తుంటే మీది ఫైబర్ లైనే. చెవికి ఆ రెండింటి మధ్య తేడా తెలియదు, మోడెమ్‌కు మాత్రం వెంటనే తెలుస్తుంది. ఫైబర్ మీద గొంతు చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ఒక ప్యాకెట్ ఆలస్యమైనా, పోయినా మనిషి చెవి పట్టించుకోదు గానీ, మోడెమ్ తన లెక్క తప్పిపోయి మళ్లీ మొదటి నుంచి సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది, చివరకు లైను వదిలేస్తుంది. గొంతును కుదించి పంపే జీ.729 పద్ధతిలోనైతే మోడెమ్‌లు దాదాపుగా కలవనే కలవవు.

ఇక అవతల కాల్ తీసుకునే సర్వర్ కూడా ఉండాలి కదా. డయల్-అప్‌కు మారుపేరుగా నిలిచిన అమెరికా సంస్థ ఏఓఎల్ సైతం తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. కనుక పాత నంబర్లను వెతుక్కుంటూ తిరగడం కంటే, ఫోన్ ఎక్స్ఛేంజ్‌నూ ఇంటర్నెట్ సర్వర్‌నూ రెండింటినీ ఇంట్లోనే పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. వినడానికి పెద్ద పనిలా అనిపించినా, లాడ్జీలు ఇన్ని ఉన్న ఊళ్లో అది అంత కష్టం కాదు. లాడ్జీలో గదికో ఫోను పెట్టి రిసెప్షన్‌తో కలిపే ఇంటర్‌కం పెట్టె, అంటే ఈపీఏబీఎక్స్, నిజానికి ఒక చిన్న ఎక్స్ఛేంజే. అది డయల్ టోన్ ఇస్తుంది, రింగు ఇస్తుంది, ఒక ఎక్స్‌టెన్షన్‌ను మరో ఎక్స్‌టెన్షన్‌తో రాగి తీగ మీదనే కలుపుతుంది. ఇప్పుడు గదుల్లో ఫోను వాడేవారు తగ్గిపోయారు కనుక, పాత పెట్టెలు అమ్మే చోట విచారించవచ్చు. కొనేముందు ఒక్కటి చూడాలి: అది మామూలు అనలాగ్ ఫోన్లతో పనిచేసేదై ఉండాలి. తన సొంత డిజిటల్ ఫోన్లనే ఒప్పుకునే పెట్టె మనకు పనికిరాదు.

ఈ పెట్టెకు బయటి ల్యాండ్‌లైన్‌ను కలపవలసిన అవసరం లేదు, కలపకపోవడమే మంచిది. వేసవి సాయంత్రాల్లో పడే ఉరుముల వానల్లో బయటి తీగ మీదుగా వచ్చే విద్యుత్ తాకిడికి పోయిన మోడెమ్‌లకు లెక్కలేదు. బయటి లైను సాకెట్‌ను ఖాళీగా వదిలేస్తే ఆ భయం ఉండదు.

కావలసిన సామాను

పాత కంప్యూటర్, ఇంటర్‌కం పెట్టె, రెండు మోడెమ్‌లు, రెండు టెలిఫోన్ తీగలు, సర్వర్‌గా పనిచేయడానికి లినక్స్ నడిచే మరో చిన్న కంప్యూటర్. ఆ రెండో కంప్యూటర్‌కు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై కావచ్చు, పక్కన పడేసిన ల్యాప్‌టాప్ కావచ్చు.

మోడెమ్ ఎంపికలో మాత్రం తొందరపడకూడదు. మోడెమ్‌లలో రెండు జాతులు ఉన్నాయి. సంకేతాలను మార్చే పని మొత్తం తనలోని చిప్పులతోనే చేసుకునేవి మొదటి రకం. ఆ పనిని కంప్యూటర్ ప్రాసెసర్ మీదకు నెట్టి, తాము కేవలం లైనుకు తగిలించే ముక్కలుగా ఉండేవి రెండో రకం. వీటినే విన్‌మోడెమ్ అంటారు. కంప్యూటర్ లోపల పీసీఐ స్లాట్‌లో పెట్టే చౌక కార్డుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. వాటికి ఖచ్చితంగా ఆ కార్డు డ్రైవరే కావాలి, ఆ సీడీ పోయి ఉంటే వెతకడం తలనొప్పి, లినక్స్‌లో అవి పనిచేయడం అరుదు. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్, విడి అడాప్టర్‌తో, ముందు వైపు వరుసగా లైట్లు ఉన్నది దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోవాలి. ఆ లైట్లు చూసే సగం తప్పులు పట్టుకోవచ్చు. అడాప్టర్ లేకుండా మోడెమ్ దొరికినప్పుడు, దాని అడుగున రాసిన వోల్టేజీతోపాటు అది ఏసీ అడుగుతోందా డీసీ అడుగుతోందా అన్నది కూడా చూడాలి. 9 వోల్టుల ఏసీ అడాప్టర్ అవసరమైన మోడెమ్‌లు ఉన్నాయి. చేతికందిన డీసీ అడాప్టర్‌ను గుచ్చడం సరికాదు.

సర్వర్ వైపు సీరియల్ పోర్టు ఉండదు కనుక, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ వాడవచ్చు, లేదా నేరుగా యూఎస్‌బీ మోడెమ్ కొనవచ్చు. లినక్స్ మొదటి దానిని టీటీవై యూఎస్‌బీ 0 అనే పేరుతోనూ, తన పని తాను చేసుకునే మంచి యూఎస్‌బీ మోడెమ్‌ను టీటీవై ఏసీఎం 0 అనే పేరుతోనూ చూపిస్తుంది.

వేగం గురించి ముందే ఒక మాట చెప్పుకోవాలి. మోడెమ్ మీద 56కే, అంటే సెకనుకు 56 కిలోబిట్లు, అని రాసి ఉన్నా, మన ఏర్పాటులో 33.6 కిలోబిట్ల కంటే ఎక్కువ రాదు. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం ప్రకారం 56కే వేగం రావాలంటే సర్వర్ వైపు డిజిటల్ లైను మీద ఉండాలి, మధ్యలో ఒక్కసారే అనలాగ్‌కు మారాలి. ఇక్కడ రెండు వైపులా అనలాగ్ మోడెమ్‌లే కాబట్టి అవి వీ.34 ప్రమాణానికి దిగివస్తాయి. సెకనుకు 33,600 బిట్లంటే 4,200 బైట్లు; ఒక మెగాబైట్ రావడానికి నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఇప్పటి ఫోనుతో తీసిన నాలుగు మెగాబైట్ల ఫొటో ఒకటి దిగడానికి పావుగంట దాటుతుంది.

మోడెమ్‌ను, పోర్టును పరీక్షించడం

ముందుగా ఇంటర్‌కం పెట్టెకు రెండు మామూలు ఫోన్లు తగిలించి, ఒకదాని నుంచి మరోదానికి మాట్లాడి చూడండి. గరగర లేకుండా గొంతు స్పష్టంగా వినబడాలి. ఆ రెండు ఎక్స్‌టెన్షన్ల నంబర్లు కాగితం మీద రాసుకోండి; ఈ వ్యాసంలో పాత కంప్యూటర్ 11లోనూ, సర్వర్ 12లోనూ ఉన్నాయనుకుందాం. రింగు వచ్చే సమయంలో తీగలో 75 వోల్టుల దరిదాపుల్లో ఏసీ ఉంటుంది కనుక, తీగ చివరలను ఒలిచి పనిచేసేటప్పుడు పెట్టె స్విచ్ ఆపేయాలి.

తర్వాత ఫోన్లు తీసి మోడెమ్‌లు పెట్టండి. మోడెమ్ వెనుక ఒకేలా కనిపించే రెండు సాకెట్లు ఉంటాయి. పెట్టె నుంచి వచ్చే తీగ లైన్ అని రాసిన దానిలోకే వెళ్లాలి. ఫోన్ అని రాసినది మామూలు ఫోను తగిలించుకోవడానికి. కొన్ని మోడెమ్‌లలో ఇవి తారుమారైనా పనిచేస్తాయి, కొన్నింటిలో చేయవు.

పాత కంప్యూటర్‌లో మోడెమ్ ఏ కామ్ పోర్టు (సీరియల్ పోర్టుకు విండోస్ పెట్టే పేరు) మీద ఉందో తేల్చుకోవడం తర్వాతి పని. కామ్ 1, కామ్ 3 పోర్టులు రెండూ ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలవడానికి పరికరం వాడే సంకేతం) 4నూ, కామ్ 2, కామ్ 4 పోర్టులు రెండూ ఐఆర్‌క్యూ 3నూ వాడుకోవడం పాత యంత్రాల ఆనవాయితీ. సీరియల్ మౌస్ కామ్ 1 మీద ఉండి, లోపలి మోడెమ్ కార్డు కామ్ 3 మీద కూర్చుంటే, మోడెమ్ డయల్ చేయగానే మౌస్ బాణం కదలకుండా బిగుసుకుపోతుంది. అటువంటప్పుడు కార్డును కామ్ 2కు మార్చి, బయాస్‌లో (కంప్యూటర్ వేయగానే విండోస్ కంటే ముందు వచ్చే మూల అమరికల్లో) రెండో సీరియల్ పోర్టును ఆపేయాలి. 486 కాలపు పాత యంత్రమైతే సీరియల్ పోర్టు చిప్పు కూడా చూసుకోవాలి. 8250, 16450 చిప్పులు ఒక్క బైటును మాత్రమే పట్టి ఉంచగలవు, ప్రాసెసర్ కాస్త ఆలస్యం చేస్తే ఆ బైటు పోతుంది. 16550ఏ చిప్పులో 16 బైట్ల నిల్వ ఉంటుంది కాబట్టి, అది ఉన్న యంత్రాల్లోనే పోర్టు వేగాన్ని 1,15,200కు పెంచడం క్షేమం.

విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మోడెమ్స్‌లో యాడ్ నొక్కి, మోడెమ్‌ను వెతకవద్దని చెప్పే గడిలో టిక్ పెట్టి, స్టాండర్డ్ మోడెమ్ టైప్స్ అన్న వరుసలో 33,600 బీపీఎస్ రకాన్ని ఎంచుకోండి. బయటి మోడెమ్‌కు ఇది చాలు, సీడీ లేదని బాధపడనవసరం లేదు. తర్వాత అదే కిటికీలోని డయాగ్నోస్టిక్స్‌లో పోర్టును ఎంచుకుని మోర్ ఇన్ఫో నొక్కితే, విండోస్ మోడెమ్‌ను పలకరించి జవాబులు చూపిస్తుంది. జవాబు రాకపోతే తీగనో, పోర్టునో, అడాప్టర్‌నో చూడాలి, ఇంకా ముందుకు పోకూడదు.

నాకు మాత్రం హైపర్‌టెర్మినల్ తెరిచి మోడెమ్‌తో నేరుగా మాట్లాడడమే ఇష్టం. అది స్టార్ట్ మెనూలో యాక్సెసరీస్, కమ్యూనికేషన్స్ కింద ఉంటుంది. వేగం 1,15,200, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అని పెట్టుకుని, ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని తిరిగి రావాలి. ఈ ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలని వేరుగా చెప్పనక్కరలేదు. ఏటీ&ఎఫ్ అంటే మోడెమ్ ఫ్యాక్టరీ అమరికలకు తిరిగి వెళ్తుంది; ఎవరి దగ్గరనుంచో వచ్చిన పాత మోడెమ్‌కు ఇది మొదట చేయవలసిన పని. ఏటీఐ3 అంటే తన పేరో, వెర్షనో చెబుతుంది. ఇప్పుడు ఏటీడీటీ12 అని కొట్టండి. సర్వర్ వైపు ఇంకా మామూలు ఫోనే ఉంచి ఉంటే, అది మోగాలి.

మోగకుండా నో డయల్‌టోన్ అని వస్తే కంగారు పడవలసిన పనిలేదు. మన ఎక్స్ఛేంజ్‌లు ఇచ్చే డయల్ టోన్ 400 హెర్ట్జ్ శబ్దాన్ని 25 హెర్ట్జ్‌తో కదిలించినది; అమెరికా డయల్ టోన్‌లో 350, 440 హెర్ట్జ్ శబ్దాలు కలిసి ఉంటాయి. అమెరికా మార్కెట్‌కు తయారైన మోడెమ్ మన టోన్‌ను గుర్తుపట్టకపోవచ్చు, ఇంటర్‌కం పెట్టెల టోన్లు ఇంకా వేరుగా ఉంటాయి. ఏటీఎక్స్3 అని కొడితే మోడెమ్ టోన్ కోసం ఎదురుచూడకుండా డయల్ చేస్తుంది. విండోస్‌లో ఇదే పనిని మోడెమ్ ప్రాపర్టీస్‌లోని కనెక్షన్ పేజీలో, డయల్ టోన్ కోసం ఆగమనే గడిలో టిక్ తీసేసి చేయవచ్చు. టోన్ డయలింగ్‌ను ఒప్పుకోని చాలా పాత పెట్టె అయితే డీటీ బదులు డీపీ అని రాయాలి, అప్పుడు మోడెమ్ పాత చక్రం ఫోనులా టకటకమని పల్సులతో డయల్ చేస్తుంది.

సర్వర్ వైపు

లినక్స్ యంత్రంలో పీపీపీ, ఎంగెట్టీ అనే రెండు ప్యాకేజీలు అవసరం. ఎంగెట్టీ మోడెమ్‌ను కనిపెట్టుకుని ఉండి, రింగు రాగానే తానే కాల్ తీసుకోమని ఆజ్ఞ ఇస్తుంది; కనుక మోడెమ్‌కు ఏటీఎస్0=1 అని దానంతట అది ఎత్తే అమరిక పెట్టకూడదు, పెడితే ఇద్దరూ ఒకేసారి ఎత్తబోయి గందరగోళమవుతుంది. ఎంగెట్టీ అమరికల ఫైలులో పోర్టు పేరు, వేగం 1,15,200 రాసి, లాగిన్ అమరికల ఫైలులో ఆటోపీపీపీ అనే వరుసకు ముందున్న కామెంటు గుర్తు తీసేయాలి. ఆ వరుసే అవతలి నుంచి వస్తున్నది మనిషి టైపింగ్ కాదు, పీపీపీ అని గుర్తించి కాల్‌ను పీపీపీ నడిపే పీపీపీడీ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది.

పీపీపీ అమరికల్లో సర్వర్‌కు 192.168.50.1, పాత కంప్యూటర్‌కు 192.168.50.2 అని చిరునామాలు ఇవ్వండి. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్, మోడెమ్ సంకేతాలు గమనించడం, పోర్టుకు తాళం వేయడం అనే మూడు ఎంపికలూ ఉండాలి. ఎంఎస్-డీఎన్‌ఎస్ (డీఎన్‌ఎస్ అంటే సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ) అనే ఎంపికలో ఇంటి రౌటర్ చిరునామా రాస్తే, విండోస్ దానిని అడిగి తీసుకుంటుంది. పాప్ అనే గుర్తింపు పద్ధతిలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ కావాలని పెట్టి, వాటిని పాప్-సీక్రెట్స్ ఫైలులో రాయాలి. ఇంట్లో వాడుకునే దానికి పాస్‌వర్డ్ ఎందుకని అనిపించవచ్చు. లేకుండా కూడా నడుస్తుంది, కానీ ఉంటేనే అసలు డయల్-అప్ లాగా ఉంటుంది. చివరగా, లినక్స్ కర్నెల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒకవైపు వచ్చిన ప్యాకెట్లను మరోవైపు పంపడం) ఆన్ చేసి, బ్రాడ్‌బ్యాండ్ వైపు వెళ్లే ప్యాకెట్లకు మాస్కరేడ్ నియమం (వాటిని సర్వర్ సొంత చిరునామాతో పంపేది) రాయాలి. ఈ చివరి పని మరచిపోతే కాల్ కలుస్తుంది, పాస్‌వర్డ్ కుదురుతుంది, పేజీ మాత్రం ఒక్కటీ రాదు.

విండోస్ 98లో కనెక్షన్

మై కంప్యూటర్‌లో డయల్-అప్ నెట్‌వర్కింగ్ ఫోల్డర్ లేకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లోని యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో విండోస్ సెటప్ పేజీకి వెళ్లి, కమ్యూనికేషన్స్ కింద దానికి టిక్ పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. ఫోల్డర్ వచ్చాక మేక్ న్యూ కనెక్షన్ నొక్కి, నంబరు దగ్గర 12 అని ఇవ్వండి.

ఇక్కడ ఒక పాత ఉచ్చు ఉంది. ఏరియా కోడ్, డయలింగ్ ప్రాపర్టీస్ వాడాలనే గడిలో టిక్ ఉంచేస్తే, విండోస్ తన తెలివితో మీ నంబరుకు ముందు సున్నా, 877 చేర్చి డయల్ చేయవచ్చు. తిరుపతి కోడ్ 0877, చిత్తూరు కోడ్ 08572. ఇవేవీ ఇంటర్‌కం పెట్టెకు అర్థం కావు. ఆ టిక్ తీసేయండి. తర్వాత కనెక్షన్ బొమ్మ మీద కుడి క్లిక్‌తో ప్రాపర్టీస్ తెరిచి, సర్వర్ టైప్స్ పేజీలో పీపీపీ ఉందో లేదో చూసి, లాగ్ ఆన్ టు నెట్‌వర్క్, నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ మూడింటికీ టిక్ తీసేసి, టీసీపీ/ఐపీ ఒక్కటే ఉంచండి. ఈ మూడూ ఉంటే కలవదని కాదు, కలవడానికి ఎక్కువ సమయం పడుతుంది. చిరునామా, డీఎన్‌ఎస్ రెండూ సర్వరే ఇస్తుందన్న ఎంపికను మార్చవద్దు. మోడెమ్ ప్రాపర్టీస్‌లో వేగం 1,15,200 పెట్టవచ్చు గానీ, ఆ వేగంతోనే కలవాలనే గడిలో టిక్ పెట్టకూడదు. ఆ అంకె కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య వేగం, లైను వేగం కాదు. అందుకే కలిసిన తర్వాత 1,15,200 అని చూపించినా సంతోషపడిపోకూడదు.

విండోస్ ఎక్స్‌పీలో ఇదంతా ఇంకా సులువు. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో కొత్త కనెక్షన్ విజార్డ్ తెరిచి, ఇంటర్నెట్‌కు కలవాలని, తానే స్వయంగా అమరుస్తానని, డయల్-అప్ మోడెమ్‌తో అని వరుసగా చెబితే సరిపోతుంది.

కనెక్ట్ నొక్కగానే మోడెమ్ స్పీకర్‌లో డయల్ శబ్దం, రింగు, ఆ తర్వాత అవతలి మోడెమ్ ఇచ్చే 2,100 హెర్ట్జ్ సన్నని కూత, దాని వెనుక రెండు మోడెమ్‌లూ లైను గుణాన్ని కొలుచుకునే గరగర వినిపిస్తాయి. మొదటి రోజుల్లో ఈ శబ్దాన్ని ఆపకండి, ఎక్కడ తెగిపోతోందో చెవితోనే తెలుస్తుంది. కూత వచ్చి గరగర రాకుండా ఆగితే రెండు మోడెమ్‌లు ఏ ప్రమాణానికీ ఒప్పుకోలేదని అర్థం. గరగర చాలాసేపు సాగి తెగిపోతే లైను బాగాలేదని అర్థం, తీగ మార్చి చూడాలి. ఇంట్లో వాళ్లకు ఆ గోల భరించలేనిదైతే ఏటీఎం0 అని కొట్టి నోరు మూయించవచ్చు.

కలవకపోతే

విండోస్ చూపించే అంకెలు చాలావరకు నిజమే చెబుతాయి. 680 అంటే డయల్ టోన్ దొరకలేదు. పైన చెప్పిన టోన్ అమరిక చూడాలి. 676 అంటే అవతలి లైను బిజీ. ముందటి కాల్‌ను సర్వర్ ఇంకా వదల్లేదేమో చూడాలి. 678 అంటే రింగు వెళ్లింది, ఎవరూ ఎత్తలేదు. ఎంగెట్టీ నడవడం లేదు. 691 అంటే పేరో పాస్‌వర్డో తప్పు. పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంటుందని గుర్తుంచుకోవాలి. 720 వస్తే రెండు వైపులా ఒప్పుకునే ప్రోటోకాల్ కుదరలేదు, టీసీపీ/ఐపీ తీసేసి మళ్లీ వేయడం మంచిది.

ఏదీ తేలకపోతే మోడెమ్‌లను, ఇంటర్‌కం పెట్టెను పూర్తిగా పక్కకు తప్పించి, రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టులను నల్ మోడెమ్ తీగతో నేరుగా కలపండి. ఈ తీగలో 2, 3 పిన్నులు ఒకదానికొకటి ఎదురుగా మారి ఉంటాయి, 7, 8 పిన్నులు కూడా అంతే, 5వ పిన్ను నేరుగా వెళ్తుంది. ఎక్స్‌పీ దీనిని రెండు కంప్యూటర్ల మధ్య కమ్యూనికేషన్స్ కేబుల్‌గా గుర్తిస్తుంది. అది ముందుగా క్లయింట్ అనే పదం పంపి, క్లయింట్‌సర్వర్ అనే జవాబు కోసం చూస్తుంది కనుక, లినక్స్ వైపు చాట్ స్క్రిప్టులో ఆ జవాబు రాయాలి. దీని మీద పీపీపీ కలిస్తే తప్పు లైను వైపే ఉందని తేలిపోతుంది. మోడెమ్ దొరకనివారు ఈ తీగతోనే సరిపెట్టుకోవచ్చు, వేగం మూడింతలు కూడా వస్తుంది; శబ్దం ఉండదు, అంతే.

కలిసిన తర్వాత విండోస్ 98లో విన్‌ఐపీసీఎఫ్‌జీ నడిపి 192.168.50.2 వచ్చిందో లేదో చూడండి. డాస్ కిటికీలో ముందు 192.168.50.1కు పింగ్ చేయండి (జవాబు వస్తుందో లేదో చూసే ఆజ్ఞ ఇది), తర్వాత బయటి ఇంటర్నెట్‌లోని 8.8.8.8కు, ఆ తర్వాత ఏదైనా సైటు పేరుకు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే మాస్కరేడ్ నియమం లేదు. రెండోది వచ్చి మూడోది రాకపోతే డీఎన్‌ఎస్ చిరునామా తప్పు. జవాబుకు 100 నుంచి 200 మిల్లీసెకన్లు పట్టడం మోడెమ్‌కు సహజమే.

పేజీలు తెరుచుకోవాలంటే

ఇంత చేసినా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో నేటి సైట్లు తెరుచుకోవు. సైటుతో సమాచారాన్ని గుప్తంగా మార్చుకోవడానికి దానికి తెలిసిన పాత పద్ధతి టీఎల్‌ఎస్ 1.0ను ప్రధాన బ్రౌజర్లు 2020లో వదిలేశాయి, సైట్లు కూడా ఒప్పుకోవడం మానేశాయి. ఈ ఇబ్బందికి మార్గం సర్వర్ మీద వెబ్‌వన్ వంటి ప్రాక్సీ పెట్టడం. అది బయటి సైటుతో కొత్త పద్ధతిలో మాట్లాడి, పాత కంప్యూటర్‌కు పాత పద్ధతిలో అందిస్తుంది. బొమ్మలను చిన్నవి చేసి పంపే ఏర్పాటు కూడా ప్రాక్సీలో పెట్టుకుంటే 33.6 కిలోబిట్ల లైను మీద చదవగలిగే పేజీ వస్తుంది. అయితే ప్రాక్సీకీ పాత కంప్యూటర్‌కూ మధ్య సమాచారం తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. విండోస్ 98కు భద్రతా సవరణలు 2006 జులైలోనూ, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనూ ఆగిపోయాయి. కాబట్టి బ్యాంకు లావాదేవీలు, దర్శనం టికెట్ల బుకింగు, ఆధార్ వివరాలు ఈ యంత్రం మీదకు రానివ్వకూడదు.

ఒక్కోసారి ప్రాక్సీ ఉన్నా కొన్ని సైట్లు సర్టిఫికెట్ చెల్లదంటాయి. చాలాకాలం మూలన పడి ఉన్న యంత్రంలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి తేదీ ఎప్పుడో 1998కో 2000కో వెళ్లిపోయి ఉంటుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయాలి.

తెలుగు చదవాలనుకుంటే విండోస్ 98 మీద ఆశ పెట్టుకోవద్దు, యూనికోడ్ తెలుగు దానికి స్వతహాగా రాదు. గౌతమి ఫాంటుతో తెలుగు అక్షరాలు కూర్చగలిగే ఏర్పాటు విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చింది, అది కూడా ఆన్ చేస్తేనే. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు వేయమనే గడిలో టిక్ పెట్టి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయాలి. అంతకు ముందు తెలుగు అక్షరాల స్థానంలో చతురస్రాలు కనిపిస్తే అందుకు కారణం ఈ ఫైళ్లు లేకపోవడమే. ఇందుకు ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది కనుక దానిని ముందే దగ్గర పెట్టుకోవాలి.